నేను మోటారు సైకిలు కొన్న వైనము

నాకు ఏబది రెండవ యేడు నడచుచున్నది. ఈ వయస్సున నావంటివారు మోకాళ్లకు తైలము కొనుచుందురు. నేను మోటారు సైకిలు కొంటిని. 2025 అక్టోబరు 2వ తేదీన, విజయదశమినాడు, దానిమీద మహమూద్ గవాను మదరసా ప్రక్కనుండి వచ్చుచుండగా మన పాఠశాలలో చదివి వెళ్లిన యువకులిద్దరు నన్ను ఆపి, "సార్, ఎవరి బండి ఇది?" అని యడిగిరి. నాదే యని చెప్పితిని. వారు నవ్విరి గాని నమ్మలేదు.

పత్రికకు ఏదైన వ్రాసి యిమ్మని పదవ తరగతి విద్యార్థులు కోరినప్పుడు, ఈయన ఛందస్సును గూర్చియో సంధులను గూర్చియో వ్రాయునని అనుకొనిరి కాబోలు. ఆ రెండును తరగతిలో వారికి చాలినంత చెప్పుచునే యున్నాను. కావున ఈ మోటారు సైకిలు సంగతి వ్రాయుచున్నాను. తల్లిదండ్రులు కూడ ఈ పుటలు చదువుదురని నే నెఱుగుదును. వారు దీనిని చదివి, ఉపాధ్యాయునకు జీతము ఎక్కువైనదని మాత్రము తలంపకుందురు గాక.

బీదరులో పుట్టిన బాలురకు తలయెత్తి చూచుట అలవాటు. వైమానిక దళమువారి శిక్షణ కేంద్రము ఇచ్చట నుండుటచే ఎప్పుడును ఏదో యొక విమానము నెత్తిపై తిరుగుచునే యుండును. నా తోడి బాలురందఱును ఆకసమువైపు చూచుచుండగా నేను వీధివైపు చెవి యొగ్గి యుండెడివాడను. సాయంకాలము అయిదు దాటిన పిదప ఒక అధికారి బులెట్టు మోటారు సైకిలుమీద మా వీధి చివరనుండి పోవుచుండెను. ఆ బండి చప్పుడు ఇతర బండ్ల చప్పుడువలె గీపెట్టునది కాదు. ఒక్కొక్క దెబ్బను వేరువేరుగా లెక్కపెట్టవచ్చును. నేను లెక్కపెట్టుచు లెక్కపెట్టుచు ఎక్కముల పుస్తకము మఱచి తిట్లు తిన్న దినములు పెక్కులు కలవు.

ఆ బండి పుట్టుక ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమున. 1955లో మద్రాసు మోటార్సు వారు రెడిచ్ కంపెనీతో కూడి ఎన్‌ఫీల్డు ఇండియా అను సంస్థను నెలకొల్పిరి. మద్రాసు చేరువనున్న తిరువొత్తియూరులో కర్మాగారము వెలసినది. మొదట ఆ దేశమునుండి భాగములు తెప్పించి యిచ్చట కూర్చెడివారు. క్రమముగా భాగములన్నియు ఇచ్చటనే చేయసాగిరి. 1970 ప్రాంతమున ఇంగ్లండులోని కంపెనీ మూతపడినది. తల్లిచెట్టు ఎండిపోయినను అంటుకొమ్మ బ్రతికినట్లు మన దేశములోనిది బ్రతికినది. 1994లో ఐషర్ సంస్థవారి చేతికి వచ్చి, ఇప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డు అను పాత పేరుతోనే నడచుచున్నది. ఈ సంగతులన్నియు నేను మోటారు సైకిలు కొనుటకు ఇరువది యేండ్ల ముందే చదివి పెట్టుకొంటిని. చేత డబ్బు లేనివానికి చదువుటయే గతి.

మా నాన్నగారికి జీవితమంతయు సైకిలే. ఆయనయు తెలుగు ఉపాధ్యాయులే. 1956 నవంబరు 1వ తేదీన బీదరు జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున కలిసినప్పుడు ఆయనకు పదునారేండ్లు. "రాత్రి హైదరాబాదు రాష్ట్రంలో పడుకున్నాము, తెల్లవారి మైసూరు రాష్ట్రంలో లేచాము, మంచం మాత్రం అదే" అని చెప్పి నవ్వుచుండెడివారు. మంచము అదియే గాని, తెలుగు పుస్తకము మాత్రము ఆనాటినుండి హద్దు దాటి రావలసిన వస్తువైనది. బంధువులెవరైన హైదరాబాదులో పుస్తకములు కొని బస్సున వేసినచో, నాన్నగారు సైకిలుమీద బస్టాండుకు పోయి, ఆ కట్టను క్యారియరుపై పెట్టి, పాత సైకిలు ట్యూబును కోసి చేసిన రబ్బరు పట్టీతో బిగించి కట్టి తెచ్చెడివారు. కట్ట పెద్దదైనచో తాము ఎక్కక సైకిలు నడిపించుకొనుచు వచ్చెడివారు. నేను వెనుకనుండి కట్టను పట్టుకొని నడచెడివాడను. ఇప్పటి మన గ్రంథాలయములోని చినిగిన పుస్తకములలో కొన్ని ఆ విధమున వచ్చినవే.

ఇక డబ్బు సంగతి. తపాలా కార్యాలయమున అయిదేండ్ల రికరింగు డిపాజిట్టు అను పద్ధతి కలదు. నెలనెలకు కొంత కట్టిన అయిదేండ్లకు వడ్డీతో చేతికి వచ్చును. నేను మోటారు సైకిలు కొఱకని మొదటి పర్యాయము కట్టిన డబ్బు మా చెల్లెలి పెండ్లికి పోయినది. రెండవ పర్యాయపు డబ్బు మా ఇంటి ఇల్లాలి ఆపరేషనుకు పోయినది. ఆ రెండింటికిని నేను చింతింపలేదు. మూడవది 2025 ఆగస్టులో చేతికి వచ్చినప్పుడు మాత్రము, ఎవరికి ఏమి అవసరము వచ్చునో యని ఇంటిలో అందఱి ముఖములను దొంగవలె చూడసాగితిని.

ఆమె ఒక్క మాట అనెను: "అమ్మాయి చదువు ఇంకా రెండేళ్లు ఉంది కదండీ." దానికి వేరుగా కొంత తీసియుంచితినని చెప్పితిని. అది నిజమే. అప్పుడు ఆమె, "స్కూటరు ఉండగా ఇంత పెద్ద బండి దేనికి?" అనెను. హైదరాబాదునుండి పాఠశాలకు తెలుగు పుస్తకములు తెచ్చుటకని బదులు చెప్పితిని. ఆమె కొంతసేపు నావంక చూచి, "రెండు లక్షల బండి మీద వంద రూపాయల పుస్తకాలా?" అని లోపలికి పోయెను. ఆ పైని నెలన్నరవఱకు ఆ మాట యెత్తలేదు. తిట్టినను బాగుండెడిది.

నిజము చెప్పుచున్నాను. పుస్తకములు ఒక నెపము. ఆ డబ్బుతో బస్సుకు ఎన్నివందల సారులు పోయి రావచ్చునో లెక్కలు వచ్చిన ఎవ్వరైనను చెప్పగలరు. నాకు మోటారు సైకిలు కావలయును; అంతియే.

ఏ బండి కొనవలయుననుట రెండవ చిక్కు. పర్వతమార్గములలో తిరుగుటకు చేసిన 452 సి.సి. హిమాలయను బండిని చూచి మొదట మనస్సు పాఱవేసికొంటిని. అది ఎత్తయినది, దానిపై కూర్చుండినచో నా పాదములు మునివ్రేళ్లపై నిలుచుచుండెను. ఇంతలో 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి వస్తుసేవల పన్ను మాఱినది. 350 సి.సి. వఱకు గల మోటారు సైకిళ్లపై నూటికి 28 ఉండిన పన్ను 18 అయినది. 350 దాటిన వానిపై, సెస్సుతో కలిపి నూటికి 31 ఉండినది, 40 అయినది. పన్ను లేని వెల లక్ష రూపాయలనుకొన్నచో చిన్న బండికి పదివేలు తగ్గినవి. పెద్ద బండికి తొమ్మిదివేలు పెరిగినవి. మీటియరు 350 అను బండి యింజను 349 సి.సి. ఒక్క సి.సి. తక్కువగుటచే అది హద్దుకు ఇవతలనే నిలిచినది. హద్దుకు ఇవతల అవతల ఉండుటలోని భేదము బీదరువారికి వేఱుగ చెప్పనక్కరలేదు. పై పెచ్చు దాని పీఠము ఎత్తు 765 మిల్లీమీటర్లే; నా పాదములు రెండును నేలపై నిండుగ నానినవి. దూరప్రయాణమునకు అనువుగ కాళ్లు ముందునకు చాచి, వెన్ను నిటారుగ నుంచి కూర్చుండవచ్చును. పెట్రోలు టాంకు 15 లీటర్లు. నిర్ణయము జరిగిపోయినది.

పండుగ రద్దీలో దుకాణమున నిలువ చోటు లేదు. కాగితములు వ్రాయుట, జీవితకాలపు రోడ్డు పన్ను కట్టుట, అయిదేండ్ల థర్డ్ పార్టీ బీమా తీసికొనుట మొదలగువానిని గూర్చి వ్రాసి మిమ్ము విసిగింపను. ప్రతి కాగితముపైనను సంతకము చేయునప్పుడు నా చేయి కొంచెము వణకినదని మాత్రము చెప్పెదను. పాత బులెట్టును కాలితో తన్ని లేపవలసి యుండెడిది. తన్నుటలో నేర్పు లేనిచో అది తిరిగి మోకాలిని తన్నెడిది. దీనికి కిక్కు కడ్డీయే లేదు. మీట నొక్కినంతనే లేచినది. నేను చిన్ననాట లెక్కపెట్టిన దెబ్బలు అవే కాకపోయినను వాని తమ్ములవలె వినబడినవి. చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బండిని బయటికి తీయునప్పుడు దుకాణములోని కుఱ్ఱవాడు, "సార్, ఫోటో?" అనెను. ఆ ఫోటోలో నేను నవ్వుచున్నానో ఏడ్చుచున్నానో ఎవరును చెప్పలేకున్నారు.

మఱునాడు కాదు, సెలవులు గడచిన పిదప పాఠశాలకు తీసికొని వచ్చితిని. ఆనాడు మొదటి పీరియడు జరుగలేదనుట ప్రధానోపాధ్యాయులకు తెలియును. వారును వరండాలోనే యుండిరి. ఏడవ తరగతి బాలిక యొకతె, "సార్, సి.సి. అంటే ఏమిటి?" అని యడిగెను. ఘనపు సెంటీమీటరని చెప్పి ఊరకుండక, పదవ తరగతివారిని పిలిచి నల్లబల్లకడకు పంపితిని. ఈ యింజనులో ఉన్నది ఒక్కటే సిలిండరు. దాని లోపలి వ్యాసము 72 మిల్లీమీటర్లు. పిస్టను పైనుండి క్రిందికి పోవు దూరము 85.8 మిల్లీమీటర్లు. వ్యాసార్ధము 3.6 సెంటీమీటర్లు, దాని వర్గము 12.96, దానిని 3.1416 చేత గుణించిన సుమారు 40.7, దానిని మఱల 8.58 చేత గుణింపవలయును. ఒక బాలుడు 22ను 7 చేత భాగించి చేయగా 349.5 వచ్చినది. ఒక బాలిక 3.1416 పట్టి చేయగా 349.3 వచ్చినది. రెండును 349 కడనే నిలిచినవి. కంపెనీవాడు సరిగానే వ్రాసినాడని పిల్లలు తీర్పు చెప్పిరి. అంత చిన్న చెంబెడు చోటులో పుట్టిన మంట 191 కిలోల బండిని, దానిపై నన్ను, నా సామానును ఎట్లు లాగునని వారు అడిగిన ప్రశ్నకు జవాబు భౌతికశాస్త్రపు మాస్టరుగారికి వదలితిని.

మీటియరనగా ఉల్క యని చెప్పగా, "ఉల్క పడిపోతుంది కదా సార్" అని వెనుకనుండి ఎవరో అనిరి. ఎవరో నేను చూడలేదు.

బండిని నడిమి స్టాండుపై నిలుపుట నాకు మూడు దినములవఱకు రాలేదు. నడుము పట్టునట్లు ఎత్తుచుంటిని. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు, వాని తండ్రి మెకానిక్కు, నాకు మెలకువ చెప్పెను. ఎత్తుట కాదు, త్రొక్కుట. స్టాండు కాళ్లు రెండును నేలకు సమముగ తగులువఱకు బండిని ఊపి, ఆ పైని ఒంటికాలిపై శరీరపు బరువంతయు స్టాండుపై వేయవలయును. బండి తానే వెనుకకు ఎక్కును. సంధి సూత్రములలో వాడు నాకు ఋణపడియున్నాడు. అది ఆనాటితో చెల్లినది.

బండి కొనుట ఒకనాటి పని. దానిని ప్రయాణమునకు సిద్ధపఱచుట నెల దినముల ముచ్చట. నాకు అసలు సంతోషమిచ్చినది ఈ రెండవదియే. రాత్రి భోజనమైన పిదప ఒక నోటుపుస్తకమున జాబితా వ్రాయుదును, ఉదయమున కొట్టివేయుదును, మఱల వ్రాయుదును. పెండ్లి సామానుల పట్టీ వ్రాయునప్పుడు కూడ ఇంత యుత్సాహము లేకుండెను.

మొదట శరీరరక్షణము. ఐ.ఎస్.ఐ. గుర్తుగల హెల్మెట్టులు రెండు, ముఖమంతయు కప్పునవి. 2021 జూను 1నుండి ఆ గుర్తు లేనివానిని అమ్ముట నేరము. అయినను రోడ్డు ప్రక్కన టోపీలవంటివి అమ్ముచునే యున్నారు. తల్లిదండ్రులారా, వానిని కొనకుడు. హెల్మెట్టు తలకు కొంచెము బిగువుగ నుండవలయును. అటునిటు కదపిన బుగ్గలు కూడ దానితో కదలవలయును. నేను రెండవ హెల్మెట్టును ఆమె తల కొలత తెలియక అంచనాతో తెచ్చితిని. అది అలమరపై నుండిపోయినది. పిమ్మట భుజములకు మోచేతులకు గట్టి పలకలు కుట్టిన జాకెట్టు, చేతి తొడుగులు, మోకాలి చిప్పలకు కాపులు, వానకోటు. ఇవన్నియు తొడిగికొని అద్దము ముందు నిలువబడగా మా అమ్మాయి, "నాన్నా, మీరు చంద్రుడి మీదికి వెళ్తున్నారా?" అని యడిగెను.

తరువాత బండి పనిముట్లు. దీని టైర్లలో ట్యూబు లేదు. మేకు దిగినచో గాలి ఒక్కుమ్మడి పోక మెల్లగ పోవును, చక్రము విప్పనక్కరలేదు. ఆ రంధ్రమును ఆకురాయివంటి కడ్డీతో తోమి, జిగురుగల రబ్బరు వత్తిని అందులో దూర్చి, మిగిలినదానిని కోసివేసిన చాలును. ఆ పంక్చరు కిట్టును, కాలితో త్రొక్కు పంపును కొంటిని. పాత టైరు ముక్క తెప్పించి, దానికి మేకులు కొట్టి, ఇంటి వసారాలో నాలుగు సారులు అభ్యాసము చేసితిని. క్లచ్ కేబులు, యాక్సిలరేటరు కేబులు ఒక్కొక్కటి అదనముగ, ఫ్యూజులు, గొలుసునకు వేయు నూనె, ప్రథమ చికిత్స పెట్టె. బండి ముందు గుండ్రని చిన్న అద్దము కలదు. జేబులోని ఫోనుతో అది ముడిపడి, ఏ మలుపున ఎటు తిరుగవలయునో బాణపు గుర్తుతో చూపును. బీదరునుండి హైదరాబాదుకు త్రోవ నాకు కండ్లు మూసికొని తెలియును. అయినను దానిని వెలిగించితిని.

తాళపుచెవికి ఏదైన బిళ్ల కావలయును గదా. మా వీధిలోనే బిదరీ పనివాడున్నాడు. జస్తునకు కొంచెము రాగి కలిపి పోతపోసిన బిళ్లపై ఉలితో సన్నని గాడులు తీసి, అందులో వెండి తీగెను కొట్టి, చివరకు మన కోటలోని మట్టిని నవాసారముతో కలిపి కాచి రుద్దెను. లోహము కాటుకవలె నల్లనైనది. వెండి తెల్లగనే మిగిలినది. ఏమి చెక్కుమందురని అతడడుగగా, 'తె' అను అక్షరము చెక్కుమంటిని. అతడు ఉర్దూ, కన్నడము చదువగలవాడు. తెలుగు వ్రాత రాదు. నేను కాగితముపై వ్రాసి యిచ్చితిని. ఎత్వపు కొస వంపు నాకంటె అందముగ వచ్చినది.

సంచులను గూర్చి కొంత ఎక్కువ చెప్పవలసి యున్నది. వెనుక చక్రమునకు రెండు ప్రక్కల సాడిల్ బ్యాగులు వ్రేలాడును. అవి చక్రమునకు గాని సైలెన్సరునకు గాని తగులకుండ ఇనుప కడ్డీల చట్రము బిగింపవలయును. బరువు సర్దుటలో కొన్ని నియమములు కలవు. బరువైనవి సంచి అడుగునను, బండి నడిమికి దగ్గరగను ఉండవలయును, తేలికైనవి పైన. రెండు వైపుల బరువు సమముగ నుండవలయును. వెనుక టైరునకు గాలి కొంచెము ఎక్కువ పెట్టవలయును. ఈ నియమములన్నియు నేను పుస్తకములు చదివి కంఠస్థము చేసితిని. చట్రమును ఒక పనివానిచే బిగింపించితిని. ఖాళీ సంచి తగిలించి చూచితిని, బాగుగనున్నది. నిండిన సంచి తగిలించి చూడవలెనని తోచలేదు. కంఠస్థము చేసినవారికి ఇట్టి ఆపద తఱచుగ వచ్చును, పరీక్షలలో మీరెఱుగుదురు.

సామానులన్నియు కట్టుటకు కొక్కెములుగల సాగెడు వల నొకటి ఆఱు వందలు పెట్టి కొంటిని. ఆనాడే నాన్నగారి రబ్బరు పట్టీ జ్ఞప్తికి వచ్చి, అటుకమీద వెదకితిని. మేకునకు వ్రేలాడుచునే యున్నది. చేతితో లాగగా పెళ్లున విఱిగి రెండు ముక్కలైనది. రబ్బరునకును వయస్సు కలదు. ముక్కలను మఱల అచ్చటనే యుంచితిని.

క్రొత్త యింజనును మొదట పరుగెత్తింపరాదు. ఒకే వేగమునను ఎక్కువసేపు పోరాదు. మెల్లగ, మార్చి మార్చి నడుపవలయును. 500 కిలోమీటర్లకు మొదటి సర్వీసు. ఆ కిలోమీటర్లు పూర్తి చేయుటకై నేను ప్రతి యుదయము అష్టూరు సమాధులవఱకును పోయి వచ్చుచుంటిని. బహమనీ సుల్తానుల గుమ్మటములపై ఎండ పడువేళ అచ్చట బండి నిలిపి, దానిని దూరమునుండి చూచుచు కూర్చుండెడివాడను. గుమ్మటములను చూచితినని చెప్పజాలను.

నవంబరులో ఒక ఆదివారము, తెల్లవారుజామున హైదరాబాదుకు బయలుదేరితిని. ఆమె వాకిలి దాక వచ్చి, "మెల్లగా పోండి" అని మాత్రము అనెను. బీదరునుండి హైదరాబాదు సుమారు 140 కిలోమీటర్లు. ఎఱ్ఱ మట్టి నేల, చెఱకు తోటలు, చలి. హద్దు దాటగనే పలకలమీది అక్షరములు మాఱినవి. కన్నడపు తలకట్టు అడ్డగీతవలె సాగును. తెలుగు తలకట్టు పైకి లేచి నిలుచును. తక్కిన యొడలు అన్నదమ్ములది. మన పిల్లలు రెండింటిని చదువుదురు గనుక హద్దు ఎచ్చట దాటితిమో గమనింపనే గమనింపరు. నేను మాత్రము ఆనాడు గమనించితిని. జహీరాబాదుకడ 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, సదాశివపేట, సంగారెడ్డి దాటి, పది గంటలకు ఆబిడ్సు చేరితిని.

ఆదివారములందు ఆబిడ్సులో దుకాణములు మూసియుండగా వాని ముందరి కాలిబాటపై పాత పుస్తకములు పఱచి అమ్ముదురు. తెలుగు పుస్తకముల కొఱకు వంగి వంగి, లేచి లేచి, మూడు గంటలు తిరిగితిని. నలువదిమూడు పుస్తకములు దొరికినవి. బాలల కథలు, జీవిత చరిత్రలు, ఒక నిఘంటువు, బొమ్మల విజ్ఞాన గ్రంథములు. కొన్నింటిపై ఎవరివో పేర్లు, ఎవరికో బహుమతిగా ఇచ్చిన తేదీలు ఉన్నవి. ఎడమ సంచిలో నిఘంటువు మొదలగునవి, కుడి సంచిలో కథలు, మిగిలినవి వెనుక పీఠముపై వలతో కట్టి, భోజనము చేసి తిరుగు ప్రయాణమైతిని. ఆ గంటన్నరసేపు నాకంటె సుఖి లేడు. బండి బరువుతో నిలకడగ, ఏనుగువలె పోవుచున్నది.

సదాశివపేట దాటిన పిదప ఏదో కమురు వాసన వచ్చినది. ముందు పోవు లారీదనుకొంటిని. లారీని దాటితిని, వాసన దాటలేదు. జహీరాబాదు చేరువలో అద్దమున చూడగా కుడి సంచినుండి సన్నని పొగ. బండి ప్రక్కకు తీసి దూకినట్లే దిగితిని. నిండిన సంచి బరువునకు చట్రము లోపలికి వంగి, సంచి అడుగు సైలెన్సరునకు తగిలినది. గుడ్డ కరగి రంధ్రమైనది. చేతి తొడుగులతోనే సంచిని పీకి నేలపై వేసి, నీళ్ల సీసా అంతయు పోసితిని. పైనున్న పుస్తకములు చక్కగనున్నవి. అడుగున నున్న మూడింటి అంచులు మాడినవి. అందొకటి బాలల కథల సంపుటి. దాని చివరి పుటల మూలలు నల్లనై చేతికి రాలినవి. రోడ్డు ప్రక్కన ఆ పుస్తకములు ముందు పెట్టుకొని కూర్చుండినప్పుడు నాకు ఆమె మాట జ్ఞప్తికి వచ్చినది. రెండు లక్షల బండి. వంద రూపాయల పుస్తకములు. నాన్నగారి సైకిలుమీద వచ్చిన పుస్తకమొక్కటియు కాలలేదు.

పగిలిన సంచిని ఎట్లు తీసికొనిపోవుట? వలలో చోటు లేదు. కొంచెము దూరమున ఒక పంక్చరు దుకాణమున్నది. బండిని మెల్లగ నడిపించుకొనుచు పోతిని. అచ్చటి మనిషి సంగతి విని ఏమియు మాట్లాడక, గోడకు వ్రేలాడు పాత సైకిలు ట్యూబు నొకదానిని తీసి, కత్తెరతో నిడుపుగ రెండు పట్టీలు కోసెను. పుస్తకములను గోనెపట్టాలో చుట్టి, వెనుక పీఠముపై పెట్టి, ఆ పట్టీలతో గుంజి గుంజి కట్టి, కట్టను రెండు చేతులతో ఊపి చూచెను. కదలలేదు. నాన్నగారును అట్లే ఊపి చూచెడివారు. డబ్బు ఇయ్యబోగా, "బడి పుస్తకాలంటిరి కదా సార్, పైసలొద్దు" అని వేఱొక చక్రము విప్పుటకు కూర్చుండెను.

చీకటి పడినపిదప ఇల్లు చేరితిని. జరిగినది దాచవలెనని త్రోవ పొడుగునను అనుకొంటిని గాని, ఆ వాసన దాగునది కాదు. ఆమె మాడిన పుస్తకములను తీసి చూచెను. నేను ఎదురుచూచిన మాట రాలేదు. "ముందు అన్నం తినండి" అనెను. నేను చేతులు కడిగికొని వచ్చునప్పటికి ఆమె కత్తెర తెచ్చుకొని, నల్లనైన అంచులను అక్షరములకు తగులకుండ సన్నగ కత్తిరించుచుండెను. ఆ రాత్రి చాలసేపు దీపము వెలిగినది. మూడవ దినమునకు మూడు పుస్తకములకును క్రొత్త అట్టలు, వెన్నున దారపు కుట్టు వచ్చినవి. చివరి పుటలో పోయిన నాలుగు మాటలను ఆమె ఊహించి చిన్న అక్షరములతో వ్రాసి అతికించెను. ఆ కథల సంపుటి ఇప్పుడు మన గ్రంథాలయములో నున్నది. దానిని మీరు 'కాలిన పుస్తకము' అని పిలుచుచున్నారని, దాని వంతు కొఱకు తగవులాడుచున్నారని నాకు తెలియును. మంచి స్థితిలో వచ్చిన నలువది పుస్తకములకు ఆ గౌరవము దక్కలేదు.

చట్రము బిగించిన పనివాడు తప్పు ఒప్పుకొని, ఊరకయే దానిని సరిచేసి, నడుమ ఒక అడ్డకడ్డీ వేసి యిచ్చెను. ఇప్పుడు నిండిన సంచికిని సైలెన్సరునకును నాలుగు వ్రేళ్ల యెడము కలదు. సైలెన్సరుపై రేకు కవచము కూడ వేసితిని. ఈసారి సంచులనిండ ఇటుకలు నింపి, కోటచుట్టు రెండు సారులు తిరిగి చూచితిని. సంచులలో నేమున్నదని త్రోవలో ఒక పోలీసు ఆపి యడిగెను. ఇటుకలని చెప్పితిని. ఆయన చాలసేపు నన్ను పరీక్షగ చూచెను.

సంక్రాంతి సెలవులలో మఱల పుస్తకములకు బయలుదేరుదునని ముందునాటి రాత్రి చెప్పితిని. ఉదయము బండిని వాకిట నిలిపి సంచులు తగిలించుచుండగా ఆమె తలుపు వేసికొని బయటికి వచ్చెను. చీరపై నా పాత స్వెటరు తొడిగికొని, తలకు ఆ రెండవ హెల్మెట్టు పెట్టుకొని యుండెను. అది ఆమెకు కొంచెము వదులు. చేతిలో ఒక కాగితము. మీ తరగతులలో ఎవరెవరు ఏ పుస్తకములు అడిగిరో నేను ఎప్పుడో చెప్పిన పేర్లన్నియు వరుసగ వ్రాసి యుండెను. రెండవ చేతిలో జహీరాబాదు రబ్బరు పట్టీలు. నేను వానిని అటుకమీది మేకునకు తగిలించి యుంటిని.

"ఇవి ఇంట్లో ఎందుకు పెట్టారు?" అని నా చేతి కిచ్చి, నా భుజము పట్టుకొని వెనుక పీఠముపై ఎక్కెను.